కరోనా వచ్చిపోయినవాళ్లకు టీకా ఎందుకు?

(ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో జరిగిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు వైద్య కళాశాలలో సామాజిక వైద్యం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? వినపడకపోతే చెయ్యి ఊపండి, ఇంకొంచెం గట్టిగా మాట్లాడతాను.

ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఇక్కడున్నవాళ్లలో కరోనా అసలు రానివాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. పది, పన్నెండు... సరే, దించండి. ఇప్పుడు చేతులెత్తినవాళ్లకు ఒక మాట. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. వచ్చినట్టు మీకు తెలియదు, అంతే. ఊరికే అనడం లేదు. 2021 మార్చి మొదట్లో హైదరాబాద్‌లో ఒక సర్వే ఫలితాలు బయటపెట్టారు. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ, టీకాలు తయారుచేసే భారత్ బయోటెక్ కలిసి చేసిన సర్వే అది. 30 వార్డులు తిరిగి దాదాపు 9 వేల మంది రక్తం పరీక్షించారు. 54 శాతం మందిలో యాంటీబాడీలు, వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే పదార్థాలు, ఉన్నాయి. అంటే సగానికి పైగా ఊరికి అప్పటికే వైరస్ తగిలి వెళ్లిపోయింది. ఆ వచ్చినవాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురికి తమకు వచ్చిన సంగతే తెలియదు!

ఆ 54 శాతం అన్న అంకెను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

కిందటి సమావేశంలో ఒక తమ్ముడు నన్ను అడిగాడు. "సార్, వచ్చి తగ్గినవాడికి ఒంట్లోనే రక్షణ తయారవుతుంది కదా, మళ్లీ టీకా ఎందుకు వేయించుకోమన్నారు?" అని. అప్పుడు టైం లేక జవాబు చెప్పలేదు. ఈ పూట మొత్తం ఆ ఒక్క ప్రశ్న కోసమే వచ్చాను. చాలా మంచి ప్రశ్న. ఆ రోజుల్లో ఈ ప్రశ్న అడిగినవాళ్లను మూర్ఖులన్నారు, టీకా వ్యతిరేకులన్నారు. అది తప్పు. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ ప్రశ్నకు నేను బాకీ ఉన్నాను.

ఒకసారి జబ్బు వచ్చి తగ్గితే మళ్లీ రాదన్నది ఎవరో శాస్త్రవేత్త కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మన ఇళ్లలో ఎప్పటినుంచో తెలుసు. ఇంట్లో పిల్లాడికి ఆటలమ్మ పోస్తే పక్కన ఎవరు కూర్చునేవారు? చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లే కూర్చునేవారు. వేపమండ పట్టుకుని విసిరేది, నీళ్లు పోసేది వాళ్లే. మా అమ్మమ్మకు ఇమ్యూనిటీ అనే మాట తెలియదు. సంగతి మాత్రం తెలుసు.

దీనికి చరిత్రలో ఒక గట్టి రుజువుంది. నాకు చాలా ఇష్టమైన కథ, ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవాణ్ని. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఫారో దీవులని ఉన్నాయి, డెన్మార్క్ ఏలుబడిలో. 1846లో అక్కడ తట్టు వచ్చింది. అదే, మీజిల్స్. మొత్తం జనం దాదాపు 7,800 మంది. వాళ్లలో 6 వేల మందికి పైగా పడకేశారు. ప్రభుత్వం పానుమ్ అనే పాతికేళ్ల డాక్టరును పంపింది. ఆయన ఊరూరా తిరిగి, ఇల్లిల్లూ అడిగి రాసుకున్నాడు. ఏం తేలింది? ఆ దీవుల్లో అంతకుముందు తట్టు వచ్చింది 1781లో. అంటే 65 ఏళ్ల కిందట. అప్పుడు చిన్నపిల్లలుగా ఉండి తట్టు పోసినవాళ్లు, ఇప్పుడు ముసలివాళ్లు, వాళ్లలో ఒక్కరికి కూడా రెండోసారి రాలేదు. అప్పుడు తప్పించుకున్న ముసలివాళ్లకు మాత్రం ఇప్పుడు వచ్చింది. 65 ఏళ్లు! మధ్యలో ఒక్కసారి కూడా ఆ వైరస్ ఆ దీవుల్లోకి రాలేదు. అయినా ఒళ్లు మర్చిపోలేదు. సహజంగా వచ్చే రక్షణ ఎంత గట్టిదో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మరి గొడవ ఎక్కడ? గొడవేమిటంటే, ప్రతి జబ్బూ తట్టు కాదు. ధనుర్వాతం తీసుకోండి. ధనుర్వాతం వచ్చి బతికి బయటపడినా మళ్లీ రాదన్న భరోసా లేదు. ప్రాణం తీయడానికి చాలినంత విషం కూడా ఒంటికి గుర్తుండిపోవడానికి చాలదు. అందుకే బతికి బయటపడినవాళ్లకు కూడా టీటీ వేస్తాం. డెంగీ తీసుకోండి. అందులో నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం మళ్లీ రాదు, కానీ రెండోసారి వేరే రకం వస్తే మొదటిసారి కన్నా ప్రమాదం ఎక్కువ కావచ్చు. మొదటిసారి తయారైన యాంటీబాడీలే కొత్త రకాన్ని కణాల్లోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాయి.

డెంగీ మాట వచ్చింది కాబట్టి ఇంకాస్త చెప్పాలి. నిజానికి ఈ పూట చెప్పేవాటిలో ఇది చాలా ముఖ్యమైనది. 2016లో ఫిలిప్పీన్స్ దేశంలో బడిపిల్లలకు డెంగీ టీకా మొదలుపెట్టారు. డెంగ్వాక్సియా అని. 8 లక్షల మందికి పైగా పిల్లలకు వేశారు. 2017 నవంబర్‌లో దాన్ని తయారుచేసిన సనోఫీ కంపెనీయే ఒక ప్రకటన చేసింది. అంతకుముందు డెంగీ వచ్చిన పిల్లలను ఈ టీకా కాపాడుతోంది. అసలు రాని పిల్లలకు మాత్రం, తర్వాత డెంగీ వస్తే జబ్బు ముదిరే ప్రమాదం పెరుగుతోంది. ఎందుకంటే రాని పిల్లల విషయంలో టీకాయే మొదటి డెంగీలా పనిచేసింది. ఆ తల్లిదండ్రుల సంగతి ఆలోచించండి. బిడ్డకు మేలని వేయించారు. ఆ తర్వాత అక్కడ జనానికి టీకాలంటేనే నమ్మకం పడిపోయింది. 2019లో తట్టు విజృంభించింది, పిల్లలు చనిపోయారు.

ఇది ఎందుకు చెబుతున్నాను? టీకాలు చెడ్డవని చెప్పడానికి కాదు. టీకా వేసేముందు "ఈ మనిషికి జబ్బు ముందే వచ్చిందా, లేదా?" అని అడగడం పిచ్చి ప్రశ్న కాదని చెప్పడానికి. అది వైద్యంలో అసలైన ప్రశ్న. ఒక్కోచోట ప్రాణాలు దానిమీదే ఆధారపడి ఉంటాయి.

ఇక కరోనా దగ్గరికి వద్దాం. ఒంట్లో ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో చెబుతాను, ఎక్కువ లోతుకు వెళ్లను. వైరస్ వస్తే ఒళ్లు దాని పైన ఉండే ముల్లునే (స్పైక్ అంటారు) కాదు, లోపలి భాగాలను కూడా చూస్తుంది, గుర్తుపెట్టుకుంటుంది. ముక్కులో, గొంతులో కూడా కాపలా పెడుతుంది. కోవిషీల్డ్ లాంటి టీకా ఆ ముల్లును ఒక్కదాన్నే చూపిస్తుంది. కోవాగ్జిన్ చంపేసిన వైరస్‌ను మొత్తంగా చూపిస్తుంది. ఏదైనా చేతికి వేసే సూదే కాబట్టి ముక్కులో కాపలా తక్కువ. యాంటీబాడీలు నెలల్లో తగ్గిపోతాయి. గుర్తుపెట్టుకునే కణాలు మాత్రం లోపల ఉండిపోతాయి. అందుకే మళ్లీ జలుబు, జ్వరం రావచ్చు. ఊపిరితిత్తుల దాకా వెళ్లడం తగ్గుతుంది. ఇంతే. ఈ లెక్కన చూస్తే వచ్చి తగ్గినవాడి రక్షణ టీకా రక్షణ కన్నా ఏ రకంగా తక్కువ? తక్కువని ముందే అనుకోవడానికి కారణం లేదు.

మరి ఆ రక్షణకు ఎంత ఖర్చయింది? అది అడగాలి. టీకా ఖర్చు చెయ్యి నొప్పి, రెండు రోజుల జ్వరం, చాలా అరుదుగా రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదం. ఆ అరుదైనది కూడా నిజమే, దాచకూడదు. జబ్బు ద్వారా వచ్చే రక్షణకు ఖర్చు, జబ్బే. ముందు జబ్బును దాటాలి. దాటినవాడికే ఆ రక్షణ. దాటనివాడు లెక్కలో ఉండడు.

2020 అక్టోబర్ 4న అమెరికాలో గ్రేట్ బారింగ్టన్ అనే ఊళ్లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక ప్రకటన రాశారు. సునేత్ర గుప్త, జయ్ భట్టాచార్య, మార్టిన్ కుల్డార్ఫ్. ఆక్స్‌ఫర్డ్, స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్. చిన్నవాళ్లు కాదు. వాళ్లేమన్నారంటే, ముసలివాళ్లను కాపాడండి, వయసులో ఉన్నవాళ్లను మామూలుగా తిరగనివ్వండి, వాళ్లకు వచ్చి తగ్గితే సమాజం మొత్తానికి రక్షణ వస్తుందని. లాక్‌డౌన్‌తో పేదవాళ్లు నలిగిపోతున్నారన్న వాళ్ల బాధ నిజమైనదే. మన రోడ్ల మీద వలస కూలీలు పిల్లలను ఎత్తుకుని నడిచిపోవడం మనం చూడలేదా? కానీ నేను అడుగుతున్నాను. మన ఇళ్లలో తాతను ఏ గదిలో దాస్తాం? రెండు గదుల ఇంట్లో, బయట తిరిగి వచ్చిన మనవడు ఎక్కడ పడుకుంటాడు? ఇంకో సంగతి. ఆ ప్రకటన వచ్చిన నెలరోజులకే, నవంబర్ 9న, ఫైజర్ టీకా పనిచేస్తోందని కబురు వచ్చింది. డిసెంబర్‌లో బ్రిటన్‌లో వేయడం మొదలుపెట్టారు. అంటే కొద్ది నెలలు ఆగితే జబ్బు పడకుండానే రక్షణ దొరికే సమయంలో, జబ్బు ద్వారా తెచ్చుకోమన్నారు. వాళ్లకు వెంటనే జవాబు కూడా వచ్చింది, జాన్ స్నో మెమొరాండం అని, లాన్సెట్ అనే వైద్య పత్రికలో. రెండు వైపులా వేలమంది సంతకాలు పెట్టారు.

సంతకాలతో తేలలేదు. ఒక ఊరు తేల్చింది. బ్రెజిల్‌లో అమెజాన్ అడవి మధ్య మనౌస్ అని పెద్ద నగరం, 20 లక్షల జనం. 2020 ఏప్రిల్, మే నెలల్లో అక్కడ బుల్డోజర్లతో పొడుగ్గా కందకాలు తవ్వి వరసగా పూడ్చిపెట్టారు. తర్వాత కేసులు తగ్గిపోయాయి. రక్తదానం చేసినవాళ్ల రక్తం పరీక్షించి, అక్టోబర్ నాటికి 76 శాతం మందికి వచ్చేసిందని అంచనా వేశారు. "ఇక అయిపోయింది, ఊరంతటికీ రక్షణ వచ్చేసింది" అనుకున్నారు. 2021 జనవరిలో మళ్లీ వచ్చింది. ఆసుపత్రుల్లో ఆక్సిజన్ అయిపోయింది. బంధువులు సిలిండర్లు భుజాన వేసుకుని పరుగులు పెట్టారు. ఎందుకలా? ఆ 76 అంచనా కాస్త ఎక్కువై ఉండవచ్చు. కొందరిలో రక్షణ తగ్గి ఉండవచ్చు. గామా అనే కొత్త రకం పుట్టింది, అదీ కారణమే.

ఇప్పుడు ఆ 54 శాతం దగ్గరికి వస్తున్నాను. అదే జనవరిలో ఢిల్లీలో సర్వే చేస్తే 56 శాతం వచ్చింది. మార్చిలో హైదరాబాద్ 54 శాతం. పత్రికలు ఎలా రాశాయి? హెర్డ్ ఇమ్యూనిటీకి, అంటే ఊరంతటికీ రక్షణ వచ్చే స్థితికి, దగ్గరపడ్డామని రాశాయి. మేమందరం అదే మాట్లాడుకున్నాం. పెళ్లిళ్లు చేశాం, తిరునాళ్లకు వెళ్లాం. ఏప్రిల్‌లో ఏం జరిగిందో మీలో ఎవరికీ నేను చెప్పక్కర్లేదు. మనౌస్ కథ జనవరిలోనే పేపర్లలో వచ్చింది. మేం చదివాం కూడా. చదివి, అది వాళ్ల ఊరి కథ అనుకున్నాం.

ఇక్కడ నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పాలా వద్దా అని నిన్న రాత్రి దాకా ఆలోచించాను.

2021 మార్చి. 60 దాటినవాళ్లకు టీకా మొదలైన మొదటి వారాలు. మా వసారాలో ముగ్గురం కూర్చున్నాం. నేను, మా అన్నయ్య, చిన్నప్పటి నుంచి మాతో తిరిగిన ఒక స్నేహితుడు. అన్నయ్యకు 67 ఏళ్లు, షుగరు. స్నేహితుడికి అంతకుముందు సెప్టెంబర్‌లో కరోనా వచ్చి తగ్గింది. పది రోజులు ఇంట్లోనే ఉండి లేచి తిరిగాడు. నేను ఇద్దరినీ టీకాకు బయలుదేరమన్నాను. స్నేహితుడు అన్నాడు, "నాకు వచ్చి పోయింది కదరా, ఒంట్లో మందు తయారై ఉంది, మళ్లీ సూదెందుకు?" అని. నాకు కోపం వచ్చింది. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాణ్ని కదా. "టీకా రక్షణే గట్టిది, జబ్బుతో వచ్చేది నిలవదు" అన్నాను. ఆ మాటకు అప్పటికి నా దగ్గర రుజువు లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన లెక్కలు అప్పటికి రానేలేదు. అయినా అన్నాను. గంటసేపు వాదించుకున్నాం.

ఆ గంటసేపూ అన్నయ్య కాఫీ తాగుతూ వింటూ కూర్చున్నాడు. విని ఆయన తీసుకున్నదేమిటి? "వీడికేమైంది, పది రోజుల్లో లేచాడు. నాకు వచ్చినా అంతేగా. రద్దీ తగ్గాక చూద్దాం" అనుకున్నాడు. తర్వాత వదినతో ఆ మాటే అన్నాడట. ఏప్రిల్ చివర జ్వరం వచ్చింది. ఆక్సిజన్ పడక కోసం రెండు రోజులు ఫోన్లు చేశాం. మేలో పోయాడు.

టీకా వేయించుకుని ఉంటే తప్పక బతికేవాడని నేను చెప్పలేను. బతికే అవకాశం చాలా పెరిగేది. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది వేరే ఉంది. నా స్నేహితుడు తన గురించి చెప్పింది చాలావరకు నిజం. అదే మాట అన్నయ్య విషయంలో చావుమాట. ఆ రోజు నేను వాదన గెలవాలని చూశాను. స్నేహితుడితో "నీకు వచ్చింది కాబట్టి నీకు తొందర లేదు" అని, అన్నయ్య వైపు తిరిగి "నీకు రాలేదు, నీ సంగతి వేరు, ఇవాళే పద" అని చెప్పి ఉండాల్సింది. రెండు ప్రశ్నలను నేను ఒకటిగా కలిపేశాను. ఒకటి, వచ్చినవాడికి టీకా కావాలా? రెండు, రానివాడు రానివ్వవచ్చా? మొదటిదాని మీద ఎంతైనా చర్చించవచ్చు. రెండోదానికి జవాబు, వద్దు. అంతే.

నా ఇంట్లో జరిగిందే దేశదేశాల్లో జరిగింది. అన్నయ్య పోయిన మూడు నెలలకు, ఆగస్టులో, రెండు పరిశోధనలు వచ్చాయి. మీకు కూడా వాట్సాప్‌లో వచ్చే ఉంటాయి. ఒకటి అమెరికాలోని కెంటకీ రాష్ట్రం నుంచి. ఒకసారి వచ్చినవాళ్లలో, తర్వాత టీకా వేయించుకోనివాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం, వేయించుకున్నవాళ్లతో పోలిస్తే 2.34 రెట్లు. రెండోది ఇజ్రాయెల్ నుంచి. రెండు డోసుల ఫైజర్ మాత్రమే వేయించుకున్నవాళ్లకు డెల్టా రకం వైరస్ సోకే అవకాశం, అంతకుముందు జబ్బు వచ్చి తగ్గినవాళ్లతో పోలిస్తే 13 రెట్లు! నా స్నేహితుడు రెండోది నాకు పంపాడు. కింద ఒక్క అక్షరం కూడా రాయలేదు. నేనే ఫోన్ చేసి "నువ్వు చెప్పిందే సరైందిరా" అన్నాను.

టీకా వైపువాళ్లు కెంటకీని పట్టుకున్నారు, అటువైపువాళ్లు ఇజ్రాయెల్‌ను పట్టుకున్నారు. నెలల తరబడి కొట్టుకున్నారు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురా? మీరే చూడండి. కెంటకీ వాళ్లు అడిగింది, వచ్చినవాడికి టీకా ఇంకాస్త మేలు చేస్తుందా అని. ఇజ్రాయెల్ వాళ్లు అడిగింది, జబ్బు రక్షణ గట్టిదా, టీకా రక్షణ గట్టిదా అని. ప్రశ్నలే వేరు! పైగా ఆ ఇజ్రాయెల్ పరిశోధనలోనే ఉంది, వచ్చి తగ్గాక ఒక్క డోసు వేసుకున్నవాళ్లకు మళ్లీ సోకే అవకాశం దాదాపు సగానికి తగ్గిందని. అంటే ఈ రెండూ ఒకదాన్నొకటి బలపరిచాయి. ఆ పేజీ ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

ఇంకొకటి కూడా గమనించాలి. ఆ 13 రెట్ల లెక్క మొదటిసారి వచ్చి బతికినవాళ్ల మీద మొదలవుతుంది. మా అన్నయ్య లాంటివాళ్లు అందులో ఉండరు. ఉండలేరు. ఆ పరిశోధన చేసినవాళ్లు తప్పు చేశారని కాదు, వాళ్ల ప్రశ్నకు ఆ లెక్క సరైనదే. దాన్ని చూపించి "రానివ్వండి" అన్నవాళ్లది తప్పు.

తర్వాత ఇంకా పెద్ద లెక్క వచ్చింది. 2023 ఫిబ్రవరిలో, లాన్సెట్‌లో. 19 దేశాల నుంచి 65 పరిశోధనలను కలిపి చూశారు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు పది నెలల తర్వాత కూడా తీవ్రమైన జబ్బు నుంచి రక్షణ 88 శాతం దాకా ఉంది. ఒమిక్రాన్ అనే తర్వాతి రకం సోకకుండా ఆపే రక్షణ మాత్రం ఆ పాటికి 36 శాతానికి పడిపోయింది. చాలామందికి రెండోసారి, మూడోసారి వచ్చింది అందుకే. ఆసుపత్రి దాకా వెళ్లనిది ఆ 88 శాతం వల్ల. 2022 జనవరిలో మన దగ్గర ఒమిక్రాన్ వచ్చినప్పుడు చూశారుగా, ఇంటిల్లిపాదికీ వచ్చింది, ఆక్సిజన్ కోసం పరుగులు లేవు. ఆ పాటికి రెండు రక్షణలూ కలిసి ఉన్నాయి మనకు. 2021 జూన్, జులై సర్వేలో భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కు దేశం మొత్తం మీద 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. అక్టోబర్‌కు 100 కోట్ల డోసులు దాటాం. ఇందులో టీకాది ఎంత, జబ్బుది ఎంత అని విడదీసి గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. జబ్బుది అన్న వాటాకు మనం కట్టిన ధర 2021 ఏప్రిల్, మే నెలలు.

ప్రభుత్వాల సంగతి త్వరగా చెప్పేస్తాను. యూరప్‌లో 2021 జులై నుంచి, వచ్చి తగ్గినవాళ్లకు కూడా 180 రోజులు చెల్లే సర్టిఫికెట్ ఇచ్చారు. టీకా సర్టిఫికెట్‌తో పాటే. నాకు అది నిజాయితీగా కనిపిస్తుంది. అమెరికాలో ఆసుపత్రి సిబ్బందికి టీకా తప్పనిసరి చేసినప్పుడు ముందు వచ్చిన జబ్బును లెక్కలోకి తీసుకోలేదు. ఏడాదంతా రోగుల మధ్య ఉండి, జబ్బు పడి లేచిన నర్సుకు "నీ రక్షణ చెల్లదు" అని చెబితే ఆమెకు ఎలా ఉంటుంది? టీకా మీద గౌరవం పెరుగుతుందా? మన దగ్గర 2021 మేలో, వచ్చి తగ్గినవాళ్లు మూడు నెలలు ఆగి వేయించుకోండన్నారు. అది సబబైన మాట. డోసులు చాలని రోజులు అవి. రానివాళ్లకు ముందు అందాలి. కానీ అదే సంగతి జనానికి అర్థమయ్యేలా విప్పి చెప్పలేదు. తర్వాత రేషన్‌కు, బస్సుకు, ఉద్యోగానికి టీకా సర్టిఫికెట్ అడిగిన రోజులూ చూశాం. 2022 మే 2న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారు, మన తెలుగువారు, జస్టిస్ గవాయ్ గారు. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదన్నారు. వేయించుకోనివాళ్ల మీద పెట్టిన ఆంక్షలు అప్పటి లెక్కల ప్రకారం న్యాయం కాదన్నారు. అదే తీర్పులో, ప్రభుత్వ టీకా విధానం తప్పు కాదని కూడా అన్నారు. ఎవరికి కావలసిన సగం వాళ్లు చదువుకున్నారు.

వైద్యులం మేం భయపడ్డాం. "వచ్చినవాళ్లకు రక్షణ ఉంది" అని నిజం చెబితే రానివాళ్లు కూడా మానేస్తారని భయపడ్డాం. ఆ భయంతో సగం నిజం చెప్పాం. జనం మిగతా సగాన్ని వాట్సాప్‌లో చదువుకున్నారు, మేం దాచామని తెలుసుకున్నారు. ఆ తర్వాత మేం చెప్పిన నిజమైన సగాన్ని కూడా నమ్మలేదు. దానికి ఎవరో కారణమని నేను అనను. మేమే కారణం.

తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. వచ్చి తగ్గి, వయసులో ఉండి, వేరే జబ్బులు లేనివాడికి టీకా చేసే అదనపు మేలు చిన్నది. ఉంది, కానీ చిన్నది. వద్దనుకుంటే వాడితో నేను పోట్లాడను. 60 దాటినవాళ్లకు, షుగరు, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, వచ్చి తగ్గినా ఆ అదనపు మేలు కావాలి. అసలు రానివాడితో మాత్రం నేను వాదించను, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. రేపు ఇంకో వైరస్ వస్తే ఈ అంకెలన్నీ మారిపోవచ్చు, అది తట్టు లాంటిది కావచ్చు, డెంగీ లాంటిది కావచ్చు. అప్పుడు మళ్లీ మొదటి నుంచి కొలవాలి.

టైం అయిపోయింది, నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ముందు వరసలో అమ్మగారు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంచారు. అడగండమ్మా. మైకు ఇవ్వండి బాబూ ఆవిడకు... మీ నాన్నగారి గురించా? సరే, ముందు ఆయన వయసెంతో చెప్పండి. షుగరుందా? అప్పట్లో ఆయనకు వచ్చిందా, రాలేదా?